రింగులో చప్పట్లు, తోటలో చావుకేకలు
ఎలుగుబంటితో మన పరిచయం ఎక్కడ బెడిసింది?

(జిల్లా విలేకరి)

శ్రీకాకుళం: ఉద్దానంలో జీడిపిక్కలు రాలే రోజులు వచ్చాయంటే ఇంట్లో ఎవరో ఒకరు తెల్లవారకముందే తోటకు బయలుదేరవలసిందే. ఆలస్యమైతే పిక్కలు మరొకరి బుట్టలో పడతాయి. తోటలో అడుగుపెట్టే ముందు గట్టిగా దగ్గడం, చేతికర్రతో చెట్టు మొదలును రెండు దెబ్బలు కొట్టడం, పక్క తోటలోని వారిని పేరుపెట్టి కేకవేయడం ఇక్కడివారికి అలవాటు. కొత్తగా వచ్చినవారికి ఇది పలకరింపులా కనిపిస్తుంది. నిజానికి ఆ దగ్గు పక్కతోట వారికోసం కాదు, ఎలుగుబంటి కోసం.

వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట మండలాల్లో ఎలుగు కబురు లేకుండా ఏడాది గడవడం లేదంటే అతిశయోక్తి కాదు. ఒక ఏడు గుడి అరుగుమీద కనిపిస్తుంది. ఒక ఏడు పనసపండు కోసం పెరట్లోకి వస్తుంది. మరో ఏడు మనిషి ప్రాణం తీస్తుంది. వెంటనే జనం గుంపు కడతారు, అధికారులు వస్తారు, పత్రికల్లో వార్త వస్తుంది. వారం గడిచేసరికి అందరూ ఎవరి పనుల్లో వారు పడిపోతారు. మళ్లీ ఎలుగు వచ్చినప్పుడు కథ మొదటికి వస్తుంది.

ఈ జంతువు మనకు కొత్తది కాదు. రామాయణంలో హనుమంతుడికి అతని బలం గుర్తుచేసిన జాంబవంతుడు భల్లూకరాజే. పంతం పట్టి వదలనివాణ్ణి చూసి ‘‘భల్లూకపు పట్టు’’ అంటాం. ఇంత పరిచయం ఉన్నా అది ఎదురైనప్పుడు ఏం చేయాలో మనకు తెలియడం లేదు. కారణం ఏమిటని ఆలోచిస్తే మనం ఎలుగును ఎక్కడ చూసి నేర్చుకున్నామన్న ప్రశ్న దగ్గరకు వెళ్లవలసి వస్తుంది. మనలో చాలామంది దాన్ని చూసింది అడవిలో కాదు, సర్కస్ గుడారంలో, వీధి మలుపులో.

గుడారం కింద చూసిన ఎలుగు

సర్కస్ ఊళ్లోకి వచ్చిందంటే పండుగే. రిక్షాకు మైకు కట్టి ప్రచారం చేసేవారు. రాత్రయ్యేసరికి ఆకాశంలో సెర్చిలైటు తిరిగేది. పది కి.మీ. అవతలి పల్లెలో కూడా పిల్లలు ఆ వెలుగు చూసి నిద్రపోయేవారు కాదు. ఈ విలేకరి మొదటిసారి సర్కస్ చూసింది మేనమామ భుజంమీద కూర్చునే. సింహం గర్జించినప్పుడు ఆయన జుట్టు పట్టుకున్నమాట వాస్తవం. తరువాత ఎలుగుబంటి వచ్చింది. మెడకు పట్టీ, మూతికి తోలుకట్టు. సైకిలు తొక్కింది, బంతిమీద నడిచింది, చివరికి రెండు కాళ్లమీద నిలబడి ముందుకాళ్లు జోడించింది. గుడారమంతా నవ్వు. సింహాన్ని చూసి జడిసిన పిల్లలే ఎలుగును చూసి చప్పట్లు కొట్టారు. సర్కస్‌లో సింహానిది రాజు వేషం, ఎలుగుది జోకరు వేషం.

సర్కస్‌తో ఈ ప్రాంతానికి ఉన్న సంబంధం చిన్నది కాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, సొంతంగా సర్కస్ కంపెనీ నడిపిన శ్రీ కోడి రామమూర్తినాయుడు పేరు తెలియనివారు ఉత్తరాంధ్రలో ఉండరు. గుండెలమీద బల్ల పరిపించుకుని దానిమీదుగా ఏనుగును నడిపించిన ఘనత ఆయనది. ఉక్కు గొలుసులు ఊపిరి బిగించి తెంచేవారు. 1942లో ఆయన మరణించారు. శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. విశాఖ బీచి రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. అయితే ఆయన గుండెలమీదుగా నడిచిన ఏనుగు పేరేమిటో చెప్పగలవారు కనిపించరు. మనిషి పేరు నిలిచింది. జంతువు పేరు గుడారంతోపాటే మడతపడింది.

పేరు నిలిచిన జంతువు కూడా ఒకటి లేకపోలేదు. లండన్ జంతుప్రదర్శనశాలలో ఉన్న ‘జంబో’ అనే ఆఫ్రికా ఏనుగును 1882లో అమెరికా సర్కస్ యజమాని పి.టి. బార్నమ్ కొనుక్కుపోయాడు. మూడేళ్లు ఊరూరా తిప్పాడు. 1885లో కెనడాలోని ఒక రైల్వే యార్డులో రైలు ఢీకొని అది మరణించింది. ఈనాడు పెద్ద విమానాన్ని జంబో జెట్ అంటాం. మంత్రివర్గం పెద్దదైతే జంబో మంత్రివర్గం అంటాం. ఆ మాట ఒక ప్రాణి పేరని, ఆ ప్రాణి రైలుపట్టాల పక్కన కన్నుమూసిందని గుర్తుంచుకున్నవారు కొద్దిమందే.

‘‘జడుపు పోతుందమ్మా’’

గుడారానికి టిక్కెట్టు కొనలేనివారికి వీధిలోనే ఆట ఉండేది. భుజాన జోలె, చేతిలో డోలు, మరో చేతిలో తాడు. తాడు చివర ఎలుగు. ‘‘బాబుని ఒక్కసారి ఎక్కించండమ్మా, జడుపు పోతుంది’’ అని అడిగేవాడు ఆడించే మనిషి. తల్లులు పిల్లల్ని దాని వీపుమీద కూర్చోబెట్టి దించేవారు. నాలుగు వెంట్రుకలు తాయెత్తులో పెట్టించి మెడలో కట్టేవారు. రాత్రిళ్లు ఉలిక్కిపడే పిల్లలకు ఇది తిరుగులేని మందని నమ్మకం. ఈ విలేకరి మెడలోనూ చాలాకాలం అలాంటి తాయెత్తు ఉండేది.

ఆ తాడు ఎక్కడినుంచి వచ్చిందో ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. అసలు సంగతి ఇది. తల్లి ఎలుగును చంపో, తరిమో పిల్లల్ని ఎత్తుకువచ్చేవారు. పిల్ల ఇంకా ఏడాది నిండకముందే ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో మూతిమీద పొడిచి రంధ్రం చేసేవారు. పుండు మానకముందే అందులోంచి తాడు దూర్చేవారు. కోరపళ్లు ఊడగొట్టేవారు. తాడు లాగితే ప్రాణం పోయేంత నొప్పి. ఆ నొప్పికి అది కాళ్లెత్తి ఊగేది. చూసేవారికి నాట్యంలా కనిపించేది. మన జడుపు పోగొట్టడానికి తెచ్చిన జంతువు తానే బతుకంతా జడుసుకుంటూ బతికింది.

ఆడించేవారిని దుర్మార్గులని తీర్పు చెప్పడం తేలిక. కాని ఆ కలందర్ కుటుంబాలకు తరతరాలుగా వచ్చిన జీవనం అదొక్కటే. పొలం లేదు, చదువు లేదు. ఎలుగు చచ్చిపోతే పూట గడవదు. తాడు ఒక చివర జంతువును, రెండో చివర మనిషిని కూడా కట్టేసింది.

చట్టం ఏం చేసింది?

జంతువులపట్ల క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960లో వచ్చింది. దానిలోని 22వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఏ జంతువును ఆటలకు శిక్షణ ఇవ్వకూడదో నోటిఫికేషను ద్వారా ప్రకటించవచ్చు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఎలుగును పట్టడం, ఉంచుకోవడం, చంపడం నేరమయ్యాయి. అయినా సర్కస్‌లో సైకిలు, వీధిలో డోలు ఆగలేదు.

1998 అక్టోబరు 14న కేంద్రం ప్రకటించిన నోటిఫికేషను అసలు మలుపు. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలు అనే ఐదింటిని ఇకపై ఆడించరాదని, ఆటకు శిక్షణ ఇవ్వరాదని అందులో ఉంది. సర్కస్ యజమానులు కోర్టుకు వెళ్లారు. సర్కస్‌కు పుట్టినిల్లని చెప్పుకునే తలశ్శేరి ఉన్న కేరళలోనే ఈ వివాదం తేలడం గమనార్హం. 2000 జూన్‌లో కేరళ హైకోర్టు నోటిఫికేషను చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2001 మే 1న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఏనుగు, గుర్రం, ఒంటె, కుక్క మాత్రం ఆ జాబితాలో లేవు. 2018లో కేంద్రం అన్ని జంతువులనూ సర్కస్‌లో నిషేధించే ముసాయిదా ప్రకటించింది.

2002లో ఆగ్రా సమీపంలో వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. అనే సంస్థ ఆడించే ఎలుగుల కోసం ఆశ్రయం తెరిచింది. బెంగళూరు పక్కన బన్నేరుఘట్టలోను, భోపాల్‌లోను, పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలోను ఇలాంటివే వెలిశాయి. ఆరువందలకు పైగా ఎలుగులు తాళ్లనుంచి విడుదలయ్యాయి. 2009లో ‘రాజు’ అనే ఎలుగును అప్పగించడంతో ఈ ఆట ముగిసినట్లు ఆ సంస్థ ప్రకటించింది. శతాబ్దాలనాటి ఆచారం ఏడెనిమిదేళ్లలో ముగియడం చిన్న విషయం కాదు.

అది ఎలా సాధ్యమైందన్నది మన జిల్లాకు ముఖ్యం. కేవలం కేసులు పెట్టి జైల్లో వేయడంవల్ల కాదు. ఎలుగును అప్పగించిన కుటుంబానికి మరో జీవనోపాధికి పెట్టుబడి ఇచ్చారు. కొందరు దుకాణాలు పెట్టుకున్నారు, కొందరు ఆటోలు నడిపారు. కొందరు ఆ ఆశ్రయాల్లోనే పనికి కుదిరారు. పిల్లల చదువుకు సాయం అందింది. ఎలుగు సమస్యను మనిషి సమస్యగా కూడా చూశారు గనుకనే పని జరిగింది.

విశాఖలో పింఛను జీవితం

సర్కస్‌లనుంచి స్వాధీనం చేసుకున్న సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? అడవిలో వదిలితే వేటాడటం రాదు. మనిషిని చూస్తే పారిపోవు. పైగా సర్కస్ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతులు కలిసిన సంకరం. వాటిని గిర్ అడవి సింహాలతో కలపడానికి వీల్లేదు. అందుకని కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ కొన్ని పునరావాస కేంద్రాలు ఏర్పాటు చేయించింది. వాటిలో రెండు మనకు దగ్గరివే. ఒకటి విశాఖలో, రెండోది తిరుపతిలో.

విశాఖలో ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల 1977లో ప్రారంభమైంది. దానికి అనుబంధంగా నడిచిన పునరావాస కేంద్రానికి సర్కస్ మృగరాజులు వచ్చాయి. కొన్నిటికి గోళ్లు లేవు, కొన్నిటికి చూపు లేదు. చిన్న బోనులో ఏళ్లతరబడి ఉన్నందున కాళ్లు వంకరపోయినవి ఉన్నాయి. బోను తలుపు తీసినా బయటకు రావడానికి భయపడే జంతువుల సంగతి ఇలాంటి కేంద్రాల్లో పనిచేసినవారందరికీ తెలిసిందే. వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. అంటే అవి చనిపోతే ఆ వంశం అక్కడితో సరి. తమను చూడటానికి ఒకప్పుడు వేలమంది టిక్కెట్టు కొన్న ఆ జంతువులు, చూసేవారు లేనిచోట, వేళకు మాంసం తింటూ, ఒక్కొక్కటిగా ముసలితనంతో కన్నుమూశాయి. బోనులోని సింహం ఇరవై ఏళ్లు బతికితే గొప్ప. 2001లో రింగు దిగిన తరం ఈనాడు లేదు.

ఆ తిండికి, వైద్యానికి ప్రజాధనం ఖర్చయింది. ‘‘మనుషులకే దిక్కులేదు, సింహాలకు పింఛనా?’’ అని అప్పట్లో అడిగినవారు లేకపోలేదు. కాని టిక్కెట్టు కొని నవ్వినవాళ్లం మనమే గనుక ఆ బాకీ తీర్చవలసింది కూడా మనమేనన్నది న్యాయమైన సమాధానం.

గుడారంలోని మనుషుల సంగతి అంత బాగా ముగియలేదు. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లలతో పనిచేయించడాన్నీ నిషేధించమంది. అదీ సరైన తీర్పే. కాని జంతువు లేక, టీవీ పోటీకి నిలవలేక గుడారాలు మూతపడుతుంటే మావటీలు, ఊయల ఆటగాళ్లు, గుడారం కట్టే కూలీలు చెదిరిపోయారు. జంతువులకు కేంద్రాలు ఉన్నాయి, మనుషులకు లేవు. 1951లో జెమినీ సర్కస్ స్థాపించిన శ్రీ జెమినీ శంకరన్ 2023లో 98 ఏళ్ల వయసులో మరణించారు. ఆయనతో ఒక కాలం ముగిసిందని అందరూ రాశారు. అమెరికాలో పేరుమోసిన రింగ్లింగ్ సర్కస్ 2016లో ఏనుగుల ఆట మానుకుని, మరుసటి ఏడు మూతపడి, 2023లో జంతువులు లేకుండా మళ్లీ మొదలైంది. జంతువు లేని సర్కస్ సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

తోటలో ఎదురైన ఎలుగు

ఇక మన సంగతి. రింగులో ఎలుగు లేదు, వీధిలో ఎలుగు లేదు. మిగిలింది తోటలో ఎలుగు. దీనికి మూతికట్టు లేదు, కోరలు ఉన్నాయి.

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాం గ్రామంలో ఎలుగు దాడికి భార్యాభర్తలు బలయ్యారు. మరికొందరు గాయపడ్డారు. ఆగ్రహించిన జనం ఎలుగును కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఒకరు మరణించారు. ఆ వెంటనే అదే ప్రాంతంలో మరికొందరు గాయపడ్డారు. అటవీ సిబ్బంది మత్తుమందు ఇచ్చి ఆ ఎలుగును పట్టుకున్నారు. విశాఖ జంతుప్రదర్శనశాలకు తరలిస్తుండగా అది చనిపోయింది. 2024 మార్చిలో అదే మండలంలోని అనకాపల్లి గ్రామం జీడితోటలో మరో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.

సర్కస్ సింహాలకు ముసలితనంలో నీడనిచ్చిన విశాఖ, ఉద్దానం ఎలుగుకు ప్రాణంతో చేరలేనంత దూరమైంది. పలాసనుంచి అది సుమారు రెండు వందల కి.మీ. అన్నిటికన్నా శోచనీయమైన విషయం ఇదే. ఏ సంఘటనలోనూ గెలిచినవారు లేరు. మనిషీ పోయాడు, జంతువూ పోయింది.

ఎందుకు వస్తోంది?

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పళ్లు. పైదవడలో ముందు రెండు పళ్లు దానికి ఉండవు. ఆ ఖాళీలోంచి చెదల్ని జుర్రుకుంటుంది. ఆ చప్పుడు దాదాపు రెండువందల మీటర్ల దూరం వినిపిస్తుందంటారు. నాలుగు అంగుళాల గోళ్లు పుట్టలు తవ్వడానికే ఉన్నాయి. మనిషి తలమీద పడినప్పుడు ఆ గోళ్లే ప్రాణాంతకమవుతాయి.

మన పల్లెల్లో దాన్ని గుడ్డెలుగు అనడం కద్దు. చూపు, వినికిడి రెండూ దానికి అంతంతమాత్రమే, ముక్కు మాత్రం అమోఘం. గాలి ఎదురుగా ఉంటే మనిషి చాలా దగ్గరకు వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి పారిపోదు. పులులు, చిరుతల మధ్య బతికిన జాతి గనుక తిరగబడటమే దానికి తెలిసిన రక్షణ. వీపుమీద పిల్లలుంటే చెప్పనే అక్కరలేదు. తల్లి ఎలుగు పిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని తిరుగుతుంది. తోటకు వెళ్లేవారి దగ్గు, కర్రచప్పుడు ఎంత తెలివైన ఆచారమో దీన్నిబట్టి తెలుస్తుంది. పెద్దలు పుస్తకం చదవకుండానే నేర్చుకున్న పాఠం అది.

అది తోటలకే ఎందుకు వస్తోందనడానికి జవాబు మన కళ్లముందే ఉంది. ఉద్దానంలో కొండలు చిన్నవి, ఒకదానికొకటి దూరం. మధ్యలో జీడి, పనస, కొబ్బరి. జీడిమామిడి పండు, పనస తొన ఎలుగుకు విందు. కొండమీది తుప్పలు కొట్టేశాం. టెక్కలి వైపు గ్రానైటు క్వారీల్లో పేలుళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. రైతు నష్టపోయినట్టే అడవిమృగమూ గూడు, తిండి పోగొట్టుకుంది. కొండ ఎలుగుకు, తోట మనిషికి అన్న పాత గిరి ఇప్పుడు లేదు. పగలు తోట మనిషిది, రాత్రి ఎలుగుది. తెల్లవారుజాము, మునిమాపు మాత్రం ఇద్దరివీ. ప్రమాదం ఉన్నది ఆ రెండు వేళల్లోనే.

రింగు లేని సర్కస్

ఎలుగు కనిపించిందన్న కబురు రాగానే జరిగే తంతు ఒకటుంది. ఊరంతా పరుగున వస్తుంది. చెట్లెక్కేవారు, ఈలలు వేసేవారు, రాళ్లు రువ్వేవారు, సెల్‌ఫోనులో బొమ్మ తీసేవారు. కుర్రాళ్లు పందేలు వేసుకుని దగ్గరకు వెళతారు. నాలుగువైపులా జనం, మధ్యలో బెదిరిన జంతువు. చూడగా చూడగా ఇది ఆనాటి గుడారమే అనిపిస్తుంది. రింగు మాత్రం లేదు, మూతికట్టు లేదు, కొరడా పట్టిన మనిషి లేడు. పారిపోయే దారి లేని ఎలుగు ఏదో ఒకవైపు దూకుతుంది. అటువైపు ఉన్నవాడు బలి.

మనం సర్కస్‌లో నేర్చిన తప్పుడు పాఠం ఇక్కడ పనిచేస్తోంది. ఎలుగు అంటే నవ్వించే జంతువని, ఈల వేస్తే ఆడుతుందని మన మనసులో ఏదో మూల ఉండిపోయింది. పులి వచ్చిందంటే తలుపులు వేసుకునే ఊరు ఎలుగు వచ్చిందంటే చూడటానికి బయటకు రావడం మరెలా అర్థం చేసుకోవాలి? సింహానికిచ్చిన భయం ఎలుగుకు మనం ఇవ్వలేదు.

దీనికి ప్రజలనే నిందిస్తే సరిపోదు. కబురు పెట్టిన తరువాత మత్తు ఇంజక్షను, వల, బోను, పశువైద్యుడు అన్నీ దూరంనుంచి రావలసిన పరిస్థితి ఉంటే అంతసేపు జనాన్ని ఆపేదెవరు? ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారి ముందు నిలబడి వన్యప్రాణి చట్టం చదివితే వినేదెవరు? ఎలుగును చంపితే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు అని చట్టం చెబుతోంది. చట్టం సబబే. ఆ చట్టం అమలుకావాలంటే దాని వెనుక సాయం కూడా ఉండాలి.

చేయవలసినవి

ఇది తీరని సమస్యేమీ కాదు. ఈ కింది పనులు జిల్లా స్థాయిలోనే చేయదగ్గవి.

మొదటిది, పలాస కేంద్రంగా శాశ్వతంగా ఒక రక్షణ దళం ఉండాలి. అందులో అడవి జంతువులకు మత్తు ఇవ్వడంలో శిక్షణ పొందిన పశువైద్యుడు, వాహనం, బోను, పట్టిన జంతువుకు తొలి చికిత్స చేసే చోటు ఉండాలి. మత్తులో, ఎండలో రెండు వందల కి.మీ. ప్రయాణం చేయించడం ప్రాణగండమని 2022లో తెలిసివచ్చింది.

రెండోది, ఎలుగు కనిపించిన ఊళ్లో పోలీసు, రెవెన్యూ సిబ్బంది మొదట చేయవలసిన పని జనాన్ని ఇళ్లకు పంపడం. ఎలుగు వెళ్లే దారి, ముఖ్యంగా కొండవైపు, ఖాళీగా విడిచిపెట్టడం. చాలాసార్లు చీకటిపడగానే అది తన దారిన తాను పోతుంది.

మూడోది, నష్టపరిహారం. మరణానికే కాదు. ఎలుగు దాడిలో బతికినవారి గాయం మామూలుది కాదు. కన్ను పోవడం, దవడ విరగడం, ముఖం చీలిపోవడం సర్వసాధారణం. వారికి దీర్ఘకాలం వైద్యం, శస్త్రచికిత్సలు కావాలి. అసలే కిడ్నీ జబ్బులతో చితికిపోయిన ఉద్దానం కుటుంబాలకు ఇది మోయలేని బరువు. తొలి వైద్యం ఖర్చు కాగితాలు తిరగకముందే అందాలి.

నాలుగోది, ఎలుగుకు కొండమీదే తిండి దొరికేలా చూడటం. పొరుగు రాష్ట్రం కర్ణాటకలో, మన అనంతపురానికి అవతల ఉన్న బళ్లారి వైపు, హంపీ దగ్గర దరోజీలో 1994లో ఎలుగుల అభయారణ్యం ప్రకటించారు. దాదాపు 82 చదరపు కి.మీ. బోడిగా ఉన్న రాతికొండల్లో పళ్లచెట్లు పెంచారు, నీటి కుంటలు కట్టారు. ఇప్పుడు ఎలుగులను చూడటానికి యాత్రికులు దూరంగా కట్టిన మంచెమీదికి వస్తున్నారు. ఉద్దానంలో అంత చోటు లేకపోవచ్చు. మిగిలిన కొండలమీద క్వారీలు ఆపి, రేగు, నేరేడు, మేడి వంటివి నాటి, వేసవిలో నీరు పెట్టడానికి అంత చోటు అక్కరలేదు.

ఐదోది మన చేతుల్లోనే ఉంది. తోటకు ఒంటరిగా వెళ్లకపోవడం. వెళ్లేటప్పుడు మాట్లాడుకుంటూ వెళ్లడం. పొద్దు పొడిచాకే పిక్కలు ఏరడం. రాలిన పళ్లను, కుళ్లిన పనసను ఇంటి పక్కన పోగుపెట్టకపోవడం. ఎదురైతే చెట్టెక్కాలని చూడకపోవడం, ఎలుగు మనకన్నా బాగా చెట్టెక్కుతుంది. ఈ మాటలు బడిలో పిల్లలకు చెబితే ఇంట్లో పెద్దలకు చేరతాయి. అక్టోబరు 12ను 2022నుంచి ప్రపంచ ఎలుగుబంటి దినంగా జరుపుతున్నారు. ఉపన్యాసాలకన్నా ఆ రోజు ఉద్దానం బడుల్లో ఈ ఐదు మాటలు నేర్పడం ఎంతో మేలు.

పొద్దు పొడిచాకే ఏరమనడం తేలిక, పిక్కలు దొంగలపాలవుతాయని రైతు భయం. తోటలవారు ఒకే వేళకు ఏరుకునే కట్టుబాటు పంచాయతీ పెడితే ఆ భయమూ తీరుతుంది. పూర్వం చెరువు నీటికి, పశువుల మేతకు ఊళ్లు ఇలాంటి కట్టుబాట్లు పెట్టుకున్నవే.

బాకీ

ఈ జాతి ఎలుగులు ప్రపంచం మొత్తంమీద ఇరవై వేలకు లోపేనని శాస్త్రజ్ఞుల అంచనా. అందులో ఎక్కువభాగం మన దేశంలోనే ఉన్నాయి. అవి అంతరించిపోవాలని ఉద్దానం రైతు కోరుకోవడం లేదు. తన పిల్లలు తోటకు వెళ్లి తిరిగి రావాలని మాత్రం కోరుకుంటున్నాడు. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం కావు.

మన తాతల తరం ఎలుగును తాడుకట్టి ఆడించింది. మన తరం టిక్కెట్టు కొని చూసింది. ఆ తాడు తెంచడానికి చట్టం, కోర్టులు, కొందరు పట్టుదల ఉన్న మనుషులు కావలసి వచ్చారు. అప్పుడు ఎలుగుతోపాటు దాన్ని ఆడించే మనిషికీ దారి చూపించారు కాబట్టే ఆ పని నెగ్గింది. ఉద్దానంలోనూ నెగ్గాలంటే దారి అదే. ఎలుగుకు కొండ, మనిషికి తోట, ఇద్దరికీ మధ్య కొంత మర్యాద ఉండాలి.

జీడిపిక్కల రోజులు మళ్లీ రాకమానవు. చీకట్లో తోట గట్టుమీద ఎవరో గట్టిగా దగ్గుతారు, కర్రతో చెట్టు మొదలు కొడతారు. ఆ చప్పుడు విని ఎలుగు తన దారిన కొండెక్కడానికి ఆ కొండ మిగిలి ఉండాలి. అది మిగిలేలా చూడవలసిన బాధ్యత అధికారులదీ, మనదీ.